బొట్టు పెట్టిన తుపాకీ

పద్మిని నడుముకు తుపాకీ కట్టుకుని నడకకు బయలుదేరిందన్న వార్త, ఆమె రెండో మలుపు తిరిగేలోపే విల్లో రిడ్జ్ కాలనీలో చేరవలసిన ఇళ్ళన్నిటికీ చేరిపోయింది. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాకు ఉత్తరాన అడవి కొట్టి కట్టిన కాలనీ అది. సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఒక ఇంట్లో పాలు పొంగితే వాట్సాప్‌లో నురగ కనిపించే చోటు.

ముందుగా ఎదురైంది ఉజ్వల. పక్క వీధిలో ఉంటుంది, కరీంనగర్ మనిషి, పద్మినికి పాతికేళ్ళ స్నేహితురాలు. చెత్తడబ్బా లోపలికి లాక్కుంటున్నదల్లా ఆగిపోయింది.

"ఏందే పద్మినీ, దూరంనుంచి చూసి వడ్డాణం చేయించుకున్నవేమో అనుకున్న."

"వడ్డాణమే అనుకో. లాక్కెళ్ళేవాడు కాస్త ఆలోచించుకునే వడ్డాణం."

"నిజం తుపాకేనా?"

"కాదు, బొమ్మది. దసరా బొమ్మలకొలువులో పెడదామని."

ఉజ్వల నవ్వలేదు. "చున్నీ కిందనన్న దాచుకో తల్లీ. చూసినోళ్ళు ఏమనుకుంటరు?"

"చూడాలనే కదా పైన కట్టుకున్నాను," అని పద్మిని ముందుకు సాగింది.

ఆమె అంతకు తెగించడానికి కారణం ఉంది. కాలనీ వెనక వాగు వెంబడి చెట్లలోంచి ఒక కాలిబాట పోతుంది. భర్త మల్లికార్జున్ గుండె డాక్టరు. ఊళ్ళో వాళ్ళందరికీ నడవండి నడవండి అని చెప్పి, తానూ రోజూ సాయంత్రం భార్యతో ఆ బాటన నడిచేవాడు. ఆయన పోయాక కూడా పద్మిని నడక మానలేదు. ఏడుపొచ్చిన రోజు నడుస్తూ ఏడ్చింది, అంతే. మొన్న వేసవిలో ఒకడు వెనకనుంచి వచ్చి మెడలో గొలుసు తెంచి, ఆమెను పక్కకు తోసి పారిపోయాడు. మణికట్టు విరిగింది.

గొలుసు పోయినందుకు ఆమెకు అంత బాధ లేదు. తర్వాత వచ్చిన సలహాలకే ఒళ్ళు మండింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ పప్పుడబ్బాతోపాటు ఒక 'వద్దు' కూడా తెచ్చారు. ఒంటరిగా నడవొద్దు. బంగారం పెట్టుకోవొద్దు. చీకటి పడేవేళ వద్దు. చెవుల్లో పాటలు వద్దు. కాలనీ సంఘం అధ్యక్షుడు తేజేశ్వర్ అయితే ఇంకో మెట్టు ఎక్కి, ఆడవాళ్ళు కొన్నాళ్ళపాటు ఆ బాటవైపు వెళ్ళకపోవడమే మంచిదని అందరికీ మెసేజ్ పెట్టాడు. కింద దండం పెడుతున్న బొమ్మలు వరసగా వచ్చాయి. అంటే దొంగ దర్జాగా తిరగొచ్చు, నడిచేవాళ్ళు మాత్రం ఇంట్లో కూర్చోవాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గొలుసు తెంచినవాడి మీది భయమంతా తెచ్చి గొలుసు పోయినదాని నెత్తిన రుద్దారు.

కట్టు విప్పిన వారమే ఆమె తుపాకీ శిక్షణలో చేరింది. నేర్పే ఆవిడ డెనీస్, సైన్యంలో పనిచేసి రిటైరైన నల్లజాతి స్త్రీ. గురి చూడడం పద్మినికి తొందరగానే వచ్చింది. ల్యాబులో ముప్ఫై ఏళ్ళు సూదిమొన పనిచేసిన చేతులు, వణకవు. కాని మొదటి రోజే డెనీస్ ఇంకో లోపం పట్టేసింది.

"నీ గురి బాగానే ఉంది. నీ మాటే ప్రమాదం," అంది ఇంగ్లీషులో.

"నా ఇంగ్లీషు అర్థం కావడం లేదా?"

"ఇంగ్లీషు కాదు. నువ్వు చేతులతో మాట్లాడతావు. ఈ రాష్ట్రంలో తుపాకీ అందరికీ కనబడేలా పెట్టుకోవచ్చు. నువ్వు పౌరురాలివి, నీమీద ఏ కేసూ లేదు. లైసెన్సు ఉందా అని అడగడం కోసమే పోలీసులు నిన్ను ఆపకూడదు. అదంతా చట్టం. కాని ఆపితే మాత్రం, చట్టంకంటే ముందు వాళ్ళు నీ చేతులు చూస్తారు. నడుముకు తుపాకీ ఉన్న మనిషి నోటితోనే మాట్లాడాలి. మా అబ్బాయిలకు తుపాకీ లేకపోయినా చిన్నప్పుడే ఇది నేర్పాను."

చెప్పినంత తేలిక కాదు. వంకాయ ఎంత లావుందో చెప్పాలన్నా, మనిషి ఎటు వెళ్ళాడో చెప్పాలన్నా, ఏమో నాకేం తెలుసు అనాలన్నా చెయ్యి లేవవలసిందే. పుట్టిన దగ్గరనుంచీ నోటికి చెయ్యి తోడు.

కూతురు అవనికి ఈ వ్యవహారమంతా ఇష్టం లేదు. అట్లాంటాలో ఉంటుంది, పని మాత్రం కాలనీ దగ్గరి షాపింగ్ ప్లాజాలో ఫార్మసిస్టుగా. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. "అమ్మా, నువ్వు దొంగ కోసం గన్ కొన్నావు. కాని పోలీస్ నిన్ను చూసి భయపడతారు. దొంగ కంటే అదే ఎక్కువ డేంజర్," అంది. తల్లి వినదని తెలిశాక, కనీసం బతికి ఉండడమైనా నేర్పుదామని ఆదివారాలు వచ్చి తనే పోలీసయింది. పద్మిని హాల్లో నిలబడి రెండు చేతుల్లో అంచుదాకా నీళ్ళు నింపిన స్టీలు గ్లాసులు పట్టుకునేది. అవని ఎదురుగా నిలబడి ప్రశ్నలడిగేది.

"మ్యామ్, ఎక్కడికి వెళుతున్నారు?"

"వాకింగ్‌కి, అదిగో ఆ వాగు పక్కన..." నీళ్ళు కార్పెట్ మీద.

"చచ్చిపోయావు అమ్మా. మళ్ళీ."

ఆ నెలంతా పద్మిని చాలాసార్లు చచ్చిపోయింది. చివరికి ఒక ఆదివారం గోంగూర పచ్చడి ఎలా చేయాలో మొదటినుంచి చివరిదాకా, తాలింపుతో సహా, చుక్క ఒలకకుండా చెప్పింది. అవని చప్పట్లు కొట్టి, వెంటనే తాను చప్పట్లు కొడుతున్నానని గుర్తొచ్చి మొహం ముడుచుకుంది.

తుపాకీతో నడక మొదలైన కొద్దిరోజులకే విజయదశమి వచ్చింది, శనివారం. మల్లికార్జున్ ఉన్నన్నాళ్ళూ ఆ రోజు గరాజులో ఆయుధపూజ చేసేవాడు. కారు చక్రాల కింద నిమ్మకాయలు, తన స్టెతస్కోపుకు బొట్టు, మిక్సీకి బొట్టు, చివరికి గడ్డి కోసే మిషనుకూ బొట్టు. ఆయన పోయాక ఆ పూజ ఆగిపోయింది. ఈసారి పద్మిని మళ్ళీ పీట వేసింది. కారు, స్టెతస్కోపు, మిక్సీ, తూటాలు తీసి ఖాళీ చేసిన పిస్టల్. ఉజ్వల బూరెలు తెచ్చి, పీట చూసి నిలబడిపోయింది.

"కుంకుమ ఇటియ్యి, నేను పెడ్త," అంది మెల్లగా.

పద్మినికి అర్థమైంది. మొగుడు పోయినదానివి, నువ్వు ముట్టుకోకు అనడం స్నేహితురాలికి ఇష్టం లేదు. అలాగని ఊరుకోవడమూ చేతకాలేదు.

"నా ఆయుధానికి నేనే పెట్టుకోవాలి ఉజ్వలా. రేపు దాన్ని పట్టుకునే చెయ్యి నాది కదా."

కొబ్బరినీళ్ళలో పసుపు, కుంకుమ కలిపి తుపాకీ పిడికి ఇటో బొట్టు, అటో బొట్టు గట్టిగా పెట్టింది. అక్షతలు వేసింది. హారతిచ్చింది. ఉజ్వల హారతి కళ్ళకద్దుకుంది.

సాయంత్రం నడకవేళకు బొట్టు ఇంకా ఆరలేదు. రబ్బరు పిడి, తడి పీల్చదు. గుడ్డతో తుడిచేయవచ్చు. కాని పూజ చేసిన బొట్టును ఆ రోజే తుడిచేదెవరు? పద్మిని తుపాకీలో తూటాలు పెట్టి, తోలు ఒరలో దింపి, తెల్లటి చుడీదార్ మీద బెల్టు బిగించుకుని బయలుదేరింది. అక్టోబరు వచ్చినా జార్జియాలో ఉక్క పోదు. నడుస్తుంటే చెమటకు పిడి మీది ఎరుపు కరిగి చుడీదారుకు పాకింది. మధ్యలో ఒర సర్దుకున్నప్పుడు అరచేతికీ అంటింది. నుదుటి చెమట చున్నీతో తుడుచుకుంది కాబట్టి అరచెయ్యి చూసుకోలేదు.

ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చిన ఒక తెల్లావిడ చూసింది. చెయ్యెత్తి పలకరించబోయిన పద్మిని అరచెయ్యి చూసింది, నడుము చూసింది. పలకరింపు అందుకోకుండా వెనుదిరిగి, వచ్చినదానికి రెట్టింపు వేగంతో పరుగెత్తింది. ఏమైందో ఈవిడకు అనుకుంది పద్మిని.

ఏమైందో బాట రోడ్డును దాటే చోట తెలిసింది. పోలీసు కారు అడ్డంగా ఆగి ఉంది. ఇద్దరు దిగి తలుపుల వెనక నిలబడ్డారు. ఇద్దరి చేతుల్లో తుపాకులు ఆమెవైపే ఉన్నాయి.

"మ్యామ్, చేతులు పైకి. తుపాకీని ముట్టుకోవద్దు."

పద్మిని చేతులెత్తింది. అప్పుడు కనిపించింది తన అరచెయ్యి, ఎర్రగా. ఆ క్షణంలో ఆమె కుడిచెయ్యి చున్నీవైపు వెళ్ళబోయింది. మాసిన చెయ్యి తుడుచుకోవాలన్నది ఆలోచన కూడా కాదు, ఆడదాని అలవాటు. చున్నీ వేలాడుతున్నది తుపాకీ పక్కనే. రెండు చేతుల్లోనూ నిండు గ్లాసులున్నాయి అనుకుంది పద్మిని. కార్పెట్ తడిస్తే అవని అరుస్తుంది. చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది.

"నా చేతులు కదలవు. మీకేం కావాలో అడగండి," అంది ఇంగ్లీషులో, గట్టిగా.

కుర్ర పోలీసు వెనకనుంచి వచ్చి ఒరలోంచి పిస్టల్ లాగేశాడు. పెద్దవాడు, చొక్కా మీద బ్రెన్నన్ అని ఉంది, తుపాకీ దించాడు కాని ఒరలో పెట్టలేదు.

"ఆ రక్తం ఎవరిది?"

"రక్తం కాదు, కుంకుమ. పసుపు, సున్నం కలిపి చేసే పొడి. ఈరోజు మా పండుగ. మా పనిముట్లకు పూజ చేసుకుంటాం."

"తుపాకీకి పూజ చేశారా?"

"మిక్సీకి కూడా చేశాను."

కుర్రవాడు తొడుగు వేసుకున్న వేలితో పిడిని రుద్ది వాసన చూశాడు. ఒర అడుగునుంచి ఏదో తీసి, వెలుతురులో పెట్టి చూశాడు. "సార్, ఇందులో బియ్యపుగింజ ఉంది. పచ్చగా."

బ్రెన్నన్ మొహం చిట్లించాడు. "ఆ పొడి మామూలుగా దేనికి వాడతారు?"

"నుదుటి మీద బొట్టు పెట్టుకుంటాం. ఆడవాళ్ళం, రోజూ."

బ్రెన్నన్ ఆమె నుదురు చూశాడు. అక్కడ ఏమీ లేదు. చెమట తప్ప.

"మీకు లేదే," అన్నాడు.

అబద్ధం దొరికిందన్న గొంతు అది. మల్లికార్జున్ పోయిన పదకొండో రోజునుంచి ఎవరూ ఆమెను అడగని ప్రశ్న అది. అత్తవారివైపు పెద్దలు అవసరం లేకుండానే గుర్తుచేశారు. స్నేహితులు చూసీ చూడనట్టున్నారు. ఆమె కూడా, అంత చదువూ చదివి, అంత ఉద్యోగమూ చేసి, అద్దం ముందు చెయ్యి దానంతటదే ఆగిపోతుంటే సరేలే అనుకుంది. ఇప్పుడు రోడ్డు మధ్యన, చేతులెత్తి నిలబడినప్పుడు, తుపాకీ పట్టుకున్న తెల్లవాడు తిన్నగా అడిగాడు.

"నా భర్త చనిపోయాడు," అంది. "భర్త పోతే పెట్టుకోవద్దంటారు మావాళ్ళు. నాకు వద్దన్నారు. తుపాకీకి వద్దని ఎవరూ అనలేదు."

కుర్రవాడు తల దించుకున్నాడు. బ్రెన్నన్ తన తుపాకీని ఒరలో పెట్టుకున్నాడు. "చేతులు దించండి మ్యామ్. మీ పేరు చెప్పండి, కేసులేమైనా ఉన్నాయేమో కారులోని కంప్యూటర్లో చూసుకుంటాను."

అప్పటికి జనం పోగయ్యారు. అందరికంటే ముందు తేజేశ్వర్, లుంగీ మీద హడావిడిగా తగిలించుకున్న కోటుతో. ఉజ్వల ఫోన్ చేసినట్టుంది, ప్లాజా మందులషాపులో డ్యూటీ వదిలి అవని కూడా తెల్లకోటుతోనే వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

తేజేశ్వర్ నేరుగా బ్రెన్నన్ దగ్గరకు వెళ్ళి, తప్పంతా తనదే అన్నట్టు, సారీ సార్, పెద్దావిడ, భర్త పోయిన దగ్గరనుంచీ మనసు బాగాలేదు, మేం చూసుకుంటాం అని ఇంగ్లీషులో మొదలెట్టాడు. తర్వాత ఇటు తిరిగి తెలుగులో, "పద్మిని గారూ, ఒక్క సారీ చెప్పేయండి. ఇక్కడితో క్లోజ్ అయిపోతుంది. కాలనీ పేరు పాడవుతుందండీ," అన్నాడు.

"దేనికి సారీ?"

"ఏదో ఒకదానికండీ. సారీకేం పోయింది?"

"మీకేం పోలేదు కాబట్టి మీరు చెప్పారుగా. నాకు మనసు బాగానే ఉంది తేజేశ్వర్ గారూ. మణికట్టే కొంచెం నొప్పి."

బ్రెన్నన్ కారులోంచి తిరిగొచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "మీమీద ఏమీ లేదు. మీరు చేసిన తప్పూ లేదు. అయితే ఈ పూట అందరూ కంగారుపడ్డారు. తుపాకీని భద్రంగా స్టేషన్‌లో ఉంచుతాం. సోమవారం వచ్చి తీసుకెళ్ళండి. నా సలహా అడిగితే, ఇకనుంచి చొక్కా కింద పెట్టుకోండి. లేదంటే ఇంట్లో ఉంచండి."

అవని గట్టిగా ఊపిరి వదిలింది. "థాంక్యూ ఆఫీసర్. అమ్మా, పద. సోమవారం నేను లీవ్ పెట్టి నీకు తెచ్చి ఇస్తాను. ప్రామిస్."

పద్మిని కదలలేదు. చేతులు రెండు పక్కలా చాపి, వేళ్ళు విప్పి ఉంచింది.

"నేను తప్పు చేయలేదన్నారు కదా?" అని అడిగింది బ్రెన్నన్‌ను.

"లేదు."

"నన్ను ఇంకా ఆపి ఉంచారా?"

"లేదు మ్యామ్. మీరు వెళ్ళవచ్చు."

"అయితే నా వస్తువు నాకివ్వండి. వెళతాను."

బ్రెన్నన్ తల అడ్డంగా ఊపాడు. "సోమవారం ఇస్తామన్నాను."

"అమ్మా, ప్లీజ్," అంది అవని. "వాళ్ళు గన్ పాయింట్ చేశారు నీకు. చాలదా? రెండు రోజులే కదా."

పద్మిని కూతురివైపు తిరిగింది. ఇది తెలుగులోనే చెప్పవలసిన మాట. "చూడు తల్లీ. ఇవాళ ఇది వదిలేసి ఇంటికెళితే, రేపు నేను బయటికి రాను. సోమవారం నువ్వు తెచ్చి ఇస్తావు, నేను బీరువాలో పెడతాను. ఈ బాట మొహం మళ్ళీ చూడను. నాకు తెలుసు, నా సంగతి నాకు తెలుసు. మీ నాన్న పోయాక నాకు మిగిలింది ఈ నడక ఒక్కటే. గొలుసు తెంచినవాడికి దాన్ని ఇవ్వలేదు. మర్యాదగా అడిగాడని ఇతనికి ఇస్తానా?"

"ఏమంటున్నారు ఆవిడ?" అన్నాడు బ్రెన్నన్.

తేజేశ్వర్ నోరు తెరిచాడు. అతనికంటే ముందు అవని మాట్లాడింది. తల్లిని చూసింది, తల్లి చాపి ఉంచిన వేళ్ళను చూసింది. ఒక్క వేలు కూడా వణకడం లేదు.

"మా అమ్మ ఇక్కడే నిలబడి ఉంటుందట," అంది ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే. "మీరు ఇచ్చేదాకా. నేను కూడా నిలబడతాను. ఏ కారణం చేత ఉంచుకుంటున్నారో మీ పై అధికారిని అడిగి చెప్పండి."

బ్రెన్నన్ దూరంగా వెళ్ళి రేడియోలో మాట్లాడాడు. చాలాసేపు పట్టింది. కుర్ర పోలీసు చేతిలో తుపాకీ, దాని మీద కరిగిన బొట్టు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు, పూజారి ఇచ్చిన ప్రసాదంలా అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. జనంలో ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. ఉజ్వల వెళ్ళి ఆ ఫోన్‌కు అడ్డంగా నిలబడి, "గది నీ మొబైలు లోపల పెట్టు. లేకుంటే నన్ను తియ్యి, ఆ పూజకు నేనూ బూరెలు చేసిన," అంటోంది.

బ్రెన్నన్ తిరిగొచ్చాడు. అవతలినుంచి ఏం విన్నాడో చెప్పలేదు. పిస్టల్ ఖాళీ చేశాడు, తూటాలను ఒక ప్లాస్టిక్ సంచిలో పోశాడు. "మేము వెళ్ళాకే నింపుకోండి," అన్నాడు.

"సరే. ఇప్పుడు నా కుడిచెయ్యి కదుపుతున్నాను," అని చెప్పి పద్మిని అందుకుంది. "ఇప్పుడు దీన్ని ఒరలో పెడుతున్నాను." పెట్టింది. "ఇక చున్నీతో చెయ్యి తుడుచుకుంటాను. ఇందాకటినుంచీ తుడుచుకోవాలని ఉంది."

కుర్రవాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. బ్రెన్నన్ మాత్రం నవ్వలేదు. "మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తే మేం రాక తప్పదు మ్యామ్."

"రండి. రోజూ ఈ వేళకు ఇక్కడే ఉంటాను. నా పేరు ఇప్పుడు మీకు తెలుసు. వచ్చినప్పుడు ఆ పేరు పెట్టి పిలవండి, తుపాకీ చూపించక్కర్లేదు."

కారు వెళ్ళిపోయింది. జనం పలచబడ్డారు. పద్మిని రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని తూటాలు ఒక్కొక్కటే నింపుకుంది. అవని వద్దనలేదు. పక్కన కూర్చుని, ఇప్పుడు తీరిగ్గా ఏడ్చింది. ఏడ్చినంతసేపూ పద్మిని ఎడమచెయ్యి కూతురి వీపు మీద ఉంది.

"కారు అటు ఉంది అమ్మా," అంది అవని ముక్కు తుడుచుకుని.

"నేను నడకకు వచ్చాను. సగమే అయింది."

పద్మిని లేచి రోడ్డు దాటింది. కాసేపు తటపటాయించి అవని కూడా దాటింది, డ్యూటీ బూట్లు టకటకలాడించుకుంటూ. తేజేశ్వర్ ఇంకా అక్కడే ఉన్నాడు. వెళ్ళే దారి లేనివాడిలా లుంగీ సర్దుకుని, "రేపు కూడా ఇలాగే వస్తారా పద్మిని గారూ?" అని వెనకనుంచి అడిగాడు.

"రేపు ఆదివారం కదండీ, పొద్దున్నే వస్తాను," అంది పద్మిని, ఆగకుండానే. "మీరూ రండి. ఆ మెసేజ్ పెట్టిన దగ్గరనుంచీ మీరే ఇల్లు కదలడం లేదు, పొట్ట వచ్చింది."